దవాఖాన మంచం కిన్నెర

మర్రిగూడ,
6 ఏప్రిల్ 1963

లింగస్వామి బావకు,

మర్రిగూడ నుంచి గోపయ్య దండాలు పెట్టి రాస్తున్నదేమంటే, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇట్లాగే మొదలుపెట్టాలని బడిలో పంతులు బెత్తంతో నేర్పాడు కాబట్టి రాశాను. అందులో సగమే నిజం. మీరు క్షేమమని తలుస్తున్నాననే సగం.

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. నీ ఇంటామె, ఊరి వరుసకు నా చెల్లె, అడిగితే గోపయ్య గొర్రెల గురించి రాశాడని చెప్పు. నేనెప్పుడూ రాసేవి అవే కాబట్టి నమ్ముతుంది. ఇంకో మాట, చదివే ముందు ఈ కాగితాన్ని కాసేపు ఎండలో పెట్టు. నవ్వకు. పెట్టు.

ముందు ఊరి ముచ్చట్లు. వానల్లేవు. బావుల్లో నీళ్లు అడుగుకు పోయాయి. ఆ మిగిలిన నీళ్లు తాగి పిల్లల పళ్లు పసుపెక్కుతున్నాయి, పెద్దల నడుములు బిగుసుకుంటున్నాయి. నువ్వు కొలిమి ఎత్తుకొని మీ అత్తగారి ఊరు ఆలంపూర్‌కు పోయిన నాటి నుంచి మన నాగళ్లకు పదును లేదు, నా మాటలకు జవాబు లేదు. నా వెదురు కిన్నెరను కుమ్మి విరిచిన పొట్టేలు బాగానే ఉంది. చేసిన పనికి దానికేమీ సిగ్గు లేదు.

ఆ కిన్నెర గురించే నీకు రాయాలి.

వెదురు దండి విరిగిన రోజు నేను ఇంట్లో పీనుగ లేచినట్టు కూర్చుంటే నువ్వొచ్చి, "ఎందుకేడుస్తవు బావా, పొట్టేలు కుమ్మినా వంగని దండి చేసిస్త" అన్నావు. అన్నట్టే ఇనుప గొట్టం తెచ్చావు. దాని మీది తెల్ల రంగు గీకి, ఇసుకతో తోమి, ఇటుక పొడితో తోమి, చింతగింజలా నున్నగా చేశావు. పాత దాని సొరకాయ బుర్రలు కిందికి కట్టావు. పాత దాని మెట్లు, తీగ కింద నేను వేలు నొక్కే ఆ అడవి అలుగు ఒంటి పెంకులు, తేనె మైనంతో నిలబెట్టావు. అవి ఇనుము మీద నిలిచాయా? ఎండకు గొట్టం కాలి మైనం కరిగి, నేను పాట అందుకోగానే పై మెట్టు మెల్లగా దిగొచ్చి కింది మెట్టు పక్కన కూర్చుంది. నా పాట వినలేక లేచిపోతోందని నువ్వన్నావు.

తర్వాత పగిలిన ఇత్తడి బిందె కత్తిరించి కొత్త మెట్లు చేశావు. ఆకురాయితో అంచులు గుండ్రంగా తీసి, లక్కతో అంటించావు. ఎత్తు ఎక్కువైంది బావా అన్నాను. "ఎత్తు లేకుంటే తీగ పోయి మెట్టుకు తాకి జుయ్యిమంటది. నీ వేలు నొస్తదని మెట్టు తగ్గించాల్నా? వేలునే గట్టి చేసుకో" అన్నావు. చేసుకున్నాను.

చివరికి, చెమట చేతులకు ఇనుము తుప్పు పడుతుందని దండి నిండా నల్ల మందు పూశావు. అదేం మందని అడిగితే, "మా నాయిన మందు. పేరు చెప్తే పనిచెయ్యదు" అన్నావు. పూసి, కొలిమిలో కాల్చబోయి, లక్క కరిగి మెట్లన్నీ మళ్లీ ఊడుతాయని చెయ్యి వెనక్కి తీశావు. ఎండలోనే ఆరబెట్టి ఇచ్చావు. ఎంత నల్లగా మెరిసింది బావా! కాకి మెడ కూడా అంత మెరవదు.

ఇనుప దండికి ఒక గుణం ఉంది. నీకు చెప్పలేదు. వెదురు పాడగానే మరిచిపోతుంది. ఇనుము మరవదు. తీగ వదిలాక చాలాసేపు లోపల మూలుగుతుంది. అది వినాలంటే దండికి చెవి ఆనించాలి. నేను ఎడమ చెవి ఆనించి వాయించడం అలవాటు చేసుకున్నాను. చలికాలమంతా అట్లాగే వాయించాను. శివరాత్రికి పానగల్లులో వాయించాను. జనం చుట్టూ కూర్చొని, ఇదేం కిన్నెరరా, కొలిమిల పుట్టిందా అన్నారు.

ఇక అసలు మాట.

ఎండలు ముదిరాక నా ఎడమ చేతి వేళ్ల సందుల్లో, భుజం మీద, దండి ఆనే చోటల్లా పొక్కులు లేచాయి. ఉడుకు చేసిందనుకున్నాను. అవి పగిలి మానినచోట మచ్చలు పడ్డాయి, చుట్టూ నల్లగా, నడుమ తెల్లగా. నీళ్ల దోషమనుకున్నాను. మా ఊళ్లో ఏం వచ్చినా నీళ్ల మీద వేస్తాం కదా. తర్వాత ఒకనాడు గొర్రెల వెంట పోతూ చూస్తే తుమ్మ ముల్లొకటి నా వేలి కొనలో దిగి ఉంది. నాకు తెలియలేదు. ఇంకో వేలికి కావాలని గుచ్చుకున్నాను. తెలియలేదు. వేళ్లు నావే, నొప్పి మాత్రం ఎవరిదో.

ఈ వారం ఎడమ చెవి తమ్మె ఉబ్బింది.

బావా, మన గొల్ల భిక్షానికి మొదట ఉబ్బింది కూడా చెవి తమ్మెనే.

పెద్దరోగమని, కుష్ఠేనని ఊరంతా తేల్చి అతన్ని గుట్ట కింద గుడిసెలో పెట్టిన రోజు నువ్వూ నేనూ అక్కడే ఉన్నాం. తర్వాత బండ మీది గిన్నెలో పాలు పోసి వచ్చేవాణ్ణి నేనే. నేను వెనక్కి నడిచాక అతను గుడిసెలోంచి వచ్చి, "గోపన్నా, గొర్లు మంచిగున్నయా?" అని కేకేసేవాడు. "మంచిగున్నయ్" అని నేను కేకేసేవాణ్ణి. గొర్రెల క్షేమం చెప్పుకోవడానికి కూడా అరవాల్సినంత దూరం అది. అతను పోయేదాకా మేమట్లా అరుచుకున్నాం. ఇప్పుడు మా ఇంటామె సుక్కమ్మ బండ మీద అన్నం పెట్టి వెనక్కి నడుస్తున్నట్టు పగటిపూటే కనిపిస్తోంది నాకు.

అందుకే ఇంట్లో ఒక అబద్ధం ఆడాను. బీరప్పకు మొక్కుకున్నానని చెప్పి గొర్రెల దొడ్డిలో పడుకుంటున్నాను. నా పళ్లెం, నా చెంబు వేరు. "ఏం మొక్కయ్యా గది? గొర్లు మంచిగనే ఉన్నయ్, నేను మంచిగనే ఉన్న. గా దేవునికేం తక్కువైందని మొక్కినవ్?" అని సుక్కమ్మ నిలదీసింది. మొక్కు బయటికి చెబితే ఫలించదన్నాను. నీ దగ్గర నేర్చుకున్న మాటే.

ఇప్పుడు నిన్నడుగుతున్నాను. ఆ గొట్టం ఏడిదని అప్పుడడిగితే, "దవాఖాన మంచానిది. వేలంల కొన్న. గంత మంది రోగులను మోసింది, నీ పాట మోయదా?" అన్నావు. అప్పుడు పొట్ట పట్టుకొని నవ్వాను. ఇప్పుడా మాటే చెవిలో గొట్టంలా మూలుగుతోంది. ఆ మంచం ఏ గదిది బావా? దాని మీద ఎవరు పడుకున్నారు? ఎవరి చేతులు పట్టిన ఇనుముకు నేను చెవి ఆనించాను?

తెలిస్తే నిజం రాయి. ఆలంపూర్‌లో నన్నెవరూ ఎరగరు కాబట్టి నది ఒడ్డున నాకింత జాగా చూడు. జోగులాంబ దర్శనానికని చెప్పి వస్తాను. తిరిగి రాను. వాయించడం మానలేదు. ఈ వేళ్లు ఎన్నాళ్లుంటాయో తెలియదు కాబట్టి ఇంకా ఎక్కువ వాయిస్తున్నాను.

ఇట్లు,
నీ బావ
గోపయ్య

మర్రిగూడ,
24 ఏప్రిల్ 1963

లింగస్వామి బావకు గోపయ్య దండాలు.

ఈసారి క్షేమం మాట రాయను.

నీ కార్డు అందింది. కార్డును దారిలో పదిమంది చదువుతారని రోగం మాట ఎత్తకుండా గొట్టాన్ని "ఆ సరుకు" అని రాశావే, ఆ తెలివికి మెచ్చాను. తపాలా ఆయన మాత్రం, "ఏం సరుకు గోపన్నా, దొంగ సరుకా?" అని అడిగి పోయాడు. "సరుకు ఏ గదిదో ఎరుక లేదు, వేలంల అన్ని మంచాలు ఒక్క కుప్ప పోసిండ్రు. నువ్వు ఫికర్ జెయ్యకు, రా. ఎవరడిగినా నా బావ అని చెప్త" అని రాశావు. ఆ చివరి ముక్క చదివి దొడ్డిలో గొర్రెల మధ్య కూర్చొని ఏడ్చాను. పొట్టేలు వచ్చి కార్డు తినబోయింది. ఇయ్యలేదు.

ఏ గదిదో తెలియదంటే నాకు అన్ని గదులూ భయమే.

రావడానికి మూట కట్టుకున్నాను. ఒక గొంగడి, రెండు పంచెలు. దొడ్డిలో గడ్డి కింద దాచాను. గురువారం బస్సు ఎక్కాలని. ఇంతలో ఇట్లా జరిగింది.

సుక్కమ్మ కొన్నాళ్లుగా వింతగా ఉంది. అన్నం నాకు పెట్టి తను దూరంగా, వేరే పళ్లెంలో తింటోంది. అదేమంటే, "నువ్వు మొక్కుకుంటే నేను మొక్కుకోవద్దా? దేవుడు నీ ఒక్కనికేనా?" అంది. నా మీద కోపంతో ఎత్తిపొడుస్తోందనుకున్నాను. ఎప్పుడు చూసినా కుడిచెయ్యి కొంగులో చుట్టుకొని ఉంటుంది. పొయ్యి కాలిందట.

ఇవాళ పొద్దున చల్ల పోస్తుంటే కొంగు జారింది. నేను చూశాను.

బొటనవేలికీ పక్క వేలికీ సందున మచ్చ ఉంది. చుట్టూ నల్లగా, నడుమ తెల్లగా. ముంజేతి మీద కొత్త పొక్కులు. పొయ్యి కాలితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు బావా. నేను చూస్తున్నానని ఆమెకు తెలిసి, చెంబు కింద పడేసి లోపలికి పోయింది. చల్ల నేల మీద పారింది.

పళ్లెం వేరు పెట్టాను. పడక వేరు చేశాను. గాలి తగలొద్దని దొడ్డిలో గొర్రెల వాసన పీల్చుకుంటూ పడుకున్నాను. అయినా ఆమెకు అంటించాను. దొడ్డికి పోకముందే అంటుకుందో ఏమో. పెళ్లినాడు పట్టుకున్న చెయ్యి అది. నాకు వచ్చిందనుకున్నప్పుడు భయమేసింది. ఇప్పుడున్నది వేరే భయం. ఈ వాక్యం రాయడానికి రెండుసార్లు లేచి బయటికి పోయి వచ్చాను.

ఆమె తమ్ముళ్లకు తెలిస్తే నన్ను కొడతారు. కొట్టనీ. వాళ్లు కొట్టడానికైనా నా దగ్గరికి వస్తే నయమే. ఊరికి తెలిస్తే మా ఇద్దరినీ గుట్ట కిందికి పంపుతారు. అప్పుడు బండ మీద పాలు పోసే గొల్ల కూడా ఉండడు, ఆ పని చేసే గొల్లను నేనే కదా.

అందుకని బావా, ఒకరికి కాదు, ఇద్దరికి జాగా చూడు. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. నీళ్లకు పోయింది. వచ్చాక చెప్పాలి. ముప్పై ఏళ్లుగా ఆమెను నవ్వించడానికి మాటలు వెతికాను. ఈ మాటకు మాటలు దొరకడం లేదు.

కిన్నెరను ఇక ముట్టను. తీసుకొచ్చి నీ కొలిమిలో వేస్తాను. ఇనుము నీది, పాపం నాది.

ఇట్లు,
గోపయ్య

తాజా కలం:

బావా, ఉత్తరం మడిచాను గానీ అంటించలేదు. మంచిదైంది. కూర్చొని చదువు.

సుక్కమ్మ బిందెతో గడపలో అడుగు పెట్టిందో లేదో, వెనకాలే చాకలి బక్కమ్మ వచ్చింది. ఉతికిన బట్టల మూట అరుగు మీద ధన్‌మని వేసి, అందులోంచి ఒక పాత పంచె గుడ్డ తీసి సుక్కమ్మ ముఖం ముందు పట్టుకుంది.

"ఓ వదినా! నేనుతికే ఇల్లు ఇంకో చాకలికి ఎప్పుడిచ్చినవే? ఇస్తే ఇచ్చినవు, జర నోటితోని చెప్పరాదా?"

ఇల్లు ఎవరికిచ్చామే అని సుక్కమ్మ అంటే, బక్కమ్మ గుడ్డ విప్పి చూపింది. నడుమ నల్లగా ఇంత పొడుగు చారలు.

"గిదేంది మరి? మీ ఇంటికి నేను పెట్టే గుర్తు రెండు సుక్కలు. గా మూలకు. గీడ నడుమల గింత పొడుగు గీసినోడెవ్వడు? వాని చేతులు పడిపోను, వానికి జీడి పెట్టుడు గూడ రాదు! చౌడు పెట్టి ఉడకేసిన, బండకేసి బాదిన, పోలే. జీడి గాక ఇంకేందది?"

జీడంటే నీకు తెలుసు బావా. నాకంటే నీకే బాగా తెలుసు. ఏ ఇంటి బట్టో మరిచిపోకుండా చాకలివాళ్లు నల్లజీడి గింజ గుచ్చి పెట్టే మచ్చ. బట్ట చిరుగుతుంది గాని మచ్చ పోదు.

సుక్కమ్మ బిక్కముఖం వేసుకొని, ఏ చాకలీ లేదు, అది కిన్నెర తుడిచిన గుడ్డ అంది. పొద్దున్నే నేను చెంబు పట్టుకొని బయటికి పోగానే, ఆమె దొడ్డిలోకి వచ్చి ఆముదం పెట్టి కిన్నెర తుడుస్తోందట. ఎందుకని నేనడిగాను. "నువ్వు నాతోని మాట్లాడుతలేవు. దానితోనే మాట్లాడుతున్నవు. జర మంచిగ చూసుకుంటే గదన్న చెప్తదేమో అనుకున్న" అంది.

బక్కమ్మకు మా గొడవ పట్టలేదు. సుక్కమ్మ చెయ్యి లాక్కొని చూసి, "గిది జీడి పొంగింది. కొత్త కోడలుగ వచ్చినప్పుడు నా చెయ్యి గిట్లనే అయింది. అందరికి గాదు, కొందరి ఒంటికి పడదు. వెన్న రాయి. పోతది" అంది. నేను నా చెయ్యి చాచాను. భుజం చూపించాను. చెవి చూపించాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, నువ్వు దేని మీద పొర్లినవు గోపన్నా అని అడిగింది.

నాకింకా నమ్మకం కుదరలేదు. వేళ్లు మొద్దుబారాయి కదా అన్నాను. సుక్కమ్మ తలుపు సందున ఉన్న తుమ్మ ముల్లు తీసి, వేలికి కాదు, తిన్నగా మచ్చ మీద గుచ్చింది. నేను వేసిన కేకకు దొడ్డిలో గొర్రెలు లేచి నిలబడ్డాయి. ఇన్నాళ్లూ నేను వేలి కొనలకే గుచ్చుకున్నాను. మచ్చ మీద గుచ్చుకోవడానికి ధైర్యం చాల్లేదు. వేలి కొనలవి కాయలు బావా. నీ ఎత్తు మెట్ల మీద కాసిన కాయలు. గట్టి చేసుకోమన్నావు కదా.

కాబట్టి దవాఖాన మంచం తప్పేమీ లేదు. పాపం దాన్ని ఎన్ని మాటలన్నాను! నీ నాయిన మందు నల్లజీడి రసమే కదా, దానికి కొలిమి సెగ తగలాలి. నువ్వు ముందు మెట్లు అంటించి, తర్వాత మందు పూసి, లక్క కోసం కాల్చడం మానేశావు. పచ్చి జీడి మీద నేను చెమట పోశాను, ఆమె ఆముదం పోసింది. మేమిద్దరం కిన్నెర తెస్తున్నాం, గుడిసె వద్దు, భోజనం చాలు. ఈసారి మెట్లు ఊడదీసి, దండిని బాగా కాల్చి, ఆ తర్వాత మెట్లు పెట్టు. జర తగ్గించి పెట్టు. ఆ మందు పేరు కూడా ఇక దాచకు. పేరు చెప్పకపోతే ఎంత బాగా పనిచేస్తుందో చూశాం.

బక్కమ్మ పోతూ పోతూ నా చెవి మళ్లీ చూసి, "బట్ట తప్పిపోవద్దని పెడ్తం గోపన్నా గుర్తు. నీకెందుకు పెట్టిండు మీ బావ? ఏడికన్న పోతున్నవా?" అని నవ్వింది. నా కళ్లు దొడ్డిలో గడ్డి వైపు పోయాయి. సుక్కమ్మ కళ్లు మాత్రం ఇంట్లో జొన్నల గంప వైపు పోయాయి. గంప చాటున ఒక మూట ఉంది. అది నాది కాదు.

ఆమె కూడా గురువారమే పోదామనుకుందట, నాకు అంటకూడదని. ఎటో తెలియదట. మూట విప్పితే ఆమె చీరల మధ్య నా పంచె ఒకటి కనబడింది. ఇదెందుకే అంటే, మూలన ఉన్న రెండు చుక్కలు చూపించింది.

"ఏడనన్న పడిపోతే, ఏ ఇంటి మనిషినో తెలవాలె గద" అంది.